ఆలస్యంగా చేరే కోపం

సెప్టెంబరులో ప్రతి శనివారం స్పాసె పొద్దున్నే లేచి, పొయ్యి మీద కాఫీ పెట్టి, అది పొంగేలోపు మిరపకాయల బస్తాలు వ్యాన్‌లోకి ఎక్కించేవాడు. ఎర్రగా, తియ్యగా, అరచెయ్యంత పొడుగున్న మిరపకాయలు. ఆ నెలంతా మాసిడోనియాలో రిటైరైన టీచర్లూ, కొత్త కోడళ్ళూ, పని లేని కుర్రాళ్ళూ అందరూ పెరట్లో రేకు పొయ్యిల ముందు కూర్చుని వాటిని కాల్చి, తోలు వలిచి, గంగాళాల్లో ఐవార్ పచ్చడి కలియబెడుతుంటారు. చలికాలానికి సీసాలు నిండని ఇంటిని చూసి ఇరుగుపొరుగు జాలిపడతారు.

సంతకి వెళ్ళే బస్తాలన్నీ ఎక్కించాక స్పాసె ఇంకో బస్తా విడిగా తన సీటు వెనకాల పెట్టుకునేవాడు.

"అదెవరికి మామయ్యా?" అని మేనకోడలు రూమెనా ప్రతివారం అడిగేది, జవాబు తెలిసి కూడా.

"దారికి," అనేవాడు.

దారికి అంటే దారిలో నిలబడే పోలీసుకి. సెప్టెంబరులో పోలీసు బండి ఆపాడంటే టైర్లు అరిగాయా, దీపాలు వెలుగుతున్నాయా అని చూడ్డానికి కాదు. వాళ్ళింట్లోనూ గంగాళం ఉంది, వాళ్ళింట్లోనూ సీసాలున్నాయి. ఆ సంగతి ఆపేవాడికీ తెలుసు, ఆగేవాడికీ తెలుసు. పోలీసు చెయ్యి పూర్తిగా లేవకముందే స్పాసె బ్రేకు మీద కాలు వేసేవాడు. ఇంజను ఆపి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, కాగితాలు రెండు చేతులా పట్టుకుని, వ్యాన్ దిగి తనే నడుచుకుంటూ పోలీసు దగ్గరికి వెళ్ళేవాడు. అతని తండ్రీ అలాగే వెళ్ళాడు. పాత రాజ్యంలో డ్రైవర్లందరూ అలాగే వెళ్ళారు. ఆ రాజ్యం పోయింది, జెండా మారింది, నోట్ల మీద బొమ్మలు మారాయి, ఆ నడక ఒక్కటీ మారలేదు. ఒక దేశం చరిత్ర రాయడానికి రాజుల పేర్లు అక్కర్లేదు. ఆగిన బండి నుంచి ఆపినవాడి దాకా మనిషి ఎలా నడుస్తాడో రాస్తే చాలు.

రూమెనాకి ఆ నడక చూస్తే ఒళ్ళు మండిపోయేది. రాజధాని స్కోప్యెలో లా చదువుతోంది, వచ్చే వేసవికి పట్టా. తల్లి పోయాక స్పాసె దగ్గరే పెరిగింది. గోడల మీద నినాదాలూ పుస్తకాల్లో నినాదాలూ ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. వంగిన వీపుల మీదే గద్దెలు నిలబడతాయి. మౌనం కూడా ఒక సంతకమే. ఇలాంటివి అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా అనేది. స్పాసె తలూపి ఉప్పు డబ్బా అందుకునేవాడు.

నినాదాలతో ఊరుకునే పిల్ల కాదు. వేసవి సెలవులంతా ప్రతి గురువారం ఊరి లైబ్రరీలో జనాన్ని కూర్చోబెట్టి పోలీసు ఆపితే ఎలా ఉండాలో నేర్పింది.

"బండి దిగకండి. అద్దం దించండి. చేతులు కనబడేలా స్టీరింగు మీద ఉంచండి. కాగితాలు అడిగితే ఇవ్వండి. ఎందుకు ఆపారో అడగండి. పేరూ నంబరూ అడగండి. ఇక నేను వెళ్ళొచ్చా అని అడగండి. తిట్టొద్దు. కడుపు ఎంత రగిలినా తిట్టొద్దు. తిడితే వాళ్ళ దగ్గర లేని కారణం మనం చేతికిచ్చినట్టు."

"అద్దం దించితే అవతలి పక్కనుంచి గాలి దూరి మెడ పట్టేస్తుంది కదమ్మా," అన్నాడొక ముసలాయన. "దానికి చట్టంలో ఏముంది?"

"మా బండికి అద్దమే లేదు," అన్నాడు రమీజ్. ఊళ్ళో పాత ఇనుము ఏరుకునే మనిషి. మూడు చక్రాల మోటారు బండి నడుపుతాడు. "నేను సగం చట్టం ముందే పాటిస్తున్నట్టా?"

అందరూ నవ్వారు. రూమెనా కూడా నవ్వింది. ఆ నవ్వు అప్పుడే వినబడింది.

ఎందుకంటే మామూలుగా ఉన్నప్పుడు రూమెనా మాట మామూలుగానే వినబడేది. కోపం వస్తే మాత్రం ఆలస్యంగా వచ్చేది. పెదవులు కదిలేవి, చెయ్యి గాల్లో ఊగేది, శబ్దం ఉండేది కాదు. కోపం చిన్నదైతే కాసేపటికి, పెద్దదైతే ఒక పూటకి, తను ఎక్కడ నిలబడి అన్నదో సరిగ్గా అక్కడే ఆ మాట వినబడేది. పొద్దున బేకరీలో ఆమె పెట్టుకున్న తగాదా మధ్యాహ్నం రొట్టెలకొచ్చినవాళ్ళు వినేవాళ్ళు. బేకరీ ఆయన ఖాళీగా ఉన్న గుమ్మం వైపు చూసి, "సరేలే అమ్మాయ్, రేపట్నుంచి బాగా కాలుస్తా," అని మళ్ళీ పిండి పిసుక్కునేవాడు. చిన్నప్పుడు లెక్కల మాస్టారికి ఎదురు చెప్పిన మాటలు బడి వదిలాక ఖాళీ క్లాసులో మోగితే, ఊడ్చే ఆవిడ "అందరూ వెళ్ళిపోయారు తల్లీ" అని కిటికీలు మూసేది.

ఆ కోపమే గతేడాది ఆమెను కోర్టుకెక్కించింది. మేయరు కొత్త ఫౌంటెన్ తెరిచిన రోజు పొద్దున ఆమె ఆ చౌరస్తాలో నిలబడి, బందోబస్తుకొచ్చిన పోలీసు అధికారిని కడిగేసింది. ఎవరికీ ఏమీ వినబడలేదు. మధ్యాహ్నం జాతీయగీతం అయిపోయి అందరూ నిశ్శబ్దంగా నిలబడ్డ నిమిషంలో మొత్తం వినబడింది. కోర్టులో మాట ఆలస్యమవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట అన్నప్పుడు నేరం జరిగినట్టా, వినబడినప్పుడు జరిగినట్టా అన్నదే వాదన. వినబడినప్పుడే అని జడ్జి తేల్చాడు. ఆర్నెల్ల జైలు వేసి, ఆ శిక్షని రెండేళ్ళ పాటు నిలిపి ఉంచారు. ఈలోగా యూనిఫాం వేసుకున్న ఏ మనిషినైనా మళ్ళీ తిట్టినట్టు రుజువైతే నేరుగా లోపలికే. లోపలికి వెళ్తే ఇక పట్టా లేదు, నల్లకోటు లేదు.

అందుకే ఆ శనివారం వ్యాన్ ఎక్కేముందు ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

"నేను బండి దిగను," అన్నాడు స్పాసె. "నువ్వు నోరు విప్పకు."

"ఒట్టా?"

"ఒట్టే. నీదో?"

"ఒట్టు."

పొలాలు దాటి పెద్దరోడ్డెక్కగానే ఎదురొచ్చిన ట్రాక్టరు రెండుసార్లు దీపాలు వెలిగించి ఆర్పింది. ముందు పోలీసున్నాడని అర్థం. ముక్కూ మొహం తెలియనివాడు ముక్కూ మొహం తెలియనివాడికి చేసే ఆ సాయం చూసినప్పుడల్లా రూమెనా గుండె పొంగేది. ఏ పార్టీ పెట్టకుండా, ఏ చందా కట్టకుండా ఈ జనం నడుపుకుంటున్న సంఘం అదొక్కటే అనేది. స్పాసె బెల్టు లాగి భుజం మీద వేసుకున్నాడు, పెట్టుకోలేదు.

"బిగించు మామయ్యా."

"బిగిస్తే ఊపిరాడదు. చూసేవాడికి కనబడితే చాలు."

మలుపు దగ్గర రోడ్డు పక్కన మిరపకాయలు అమ్మేవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళకి కాస్త ఇవతల వెల్కో నిలబడి ఉన్నాడు. ఆ దారికి అతనే పోలీసు. అతని చెయ్యి లేచింది. స్పాసె వ్యాన్ ఆపాడు, అద్దం దించాడు, స్టీరింగుని రెండు చేతులా పట్టుకున్నాడు, పడవలో కూర్చున్నవాడిలా.

వెల్కో కాసేపు ఎదురుచూశాడు. ఎవరూ దిగకపోయేసరికి తనే వచ్చాడు.

"ఏం స్పాసె, మోకాళ్ళ నొప్పులా?"

ఆ ఒక్క ముక్కకే స్పాసె చెయ్యి తలుపు గడి మీదికి పోయింది. దిగాడు. టోపీ చంకలోకి వెళ్ళింది. కాగితాలు రెండు చేతుల్లోకి వచ్చాయి.

అది చూసి రూమెనా కూడా దిగింది. దిగుతూనే పెదవులు కదిలాయి. ఏమీ వినబడలేదు.

"ఓహో, ఆలస్యం పాప కూడా వచ్చిందా," అన్నాడు వెల్కో. "ఏం లేదమ్మా, మామూలు తనిఖీ."

ఆమె పెదవులు మళ్ళీ కదిలాయి.

"బస్తాల్లో ఏముంది? సరే, ఒకటి ఇలా దించు స్పాసె."

స్పాసె సీటు వెనకాల బస్తా దించాడు. రూమెనా వేలు బస్తా వైపు చూపించి ఏదో అంది.

"నాకు చట్టం నేర్పుతున్నావా?" అన్నాడు వెల్కో నవ్వుతూ. వినబడకపోయినా వేలు అర్థమవుతుంది. ఆమె ఏదో చెప్పింది. "నేనెవరో తెలుసా నీకు?" ఆమె ఇంకేదో చెప్పింది. ఆ తర్వాత చేతులు కట్టుకుని, అతని కళ్ళలోకి చూస్తూ ఒక చిన్న ప్రశ్న లాంటిది అడిగింది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. వెల్కో స్పాసె భుజం మీద చెయ్యి వేసి, "మంచివాడివి. ఇలాంటివాటిని ఇంట్లో కట్టేసుకోవాలయ్యా, రోడ్డు మీదికి తేకూడదు," అన్నాడు.

రూమెనా అప్పుడు అనకూడని ఆ ఒక్కటీ అనేసింది.

వెల్కో ఆ పెదవుల వైపు చూసి, గడియారం చూసుకున్నాడు. ఫోను తీసి రికార్డింగులో పెట్టి బస్తా మీద నిలబెట్టాడు. "నా డ్యూటీ సాయంత్రం దాకా ఇక్కడే. నువ్వన్నవి వచ్చాక తీరిగ్గా వింటాను. రెండేళ్ళు ఇంకా అవలేదు కదూ? మీరు వెళ్ళొచ్చు. మాటలు తీసుకోవడానికి నేనున్నానుగా."

వాళ్ళు వెళ్ళలేకపోయారు. వరస చివర త్రేనా బామ్మ కొట్టు దగ్గర స్పాసె వ్యాన్ ఆపేశాడు. త్రేనా బామ్మ ఏమీ అడక్కుండా పొయ్యి మీంచి రెండు మిరపకాయలు తీసి, తోలు వలిచి, జున్నుముక్కతో రొట్టెలో పెట్టి ఇచ్చింది. రూమెనా చేతిలోనే పట్టుకు కూర్చుంది.

"చివర్లో ఒకటి అన్నాను మామయ్యా."

"చెప్పకు. తెలిస్తే నన్ను సాక్షిగా పిలుస్తారు."

"మిగతావన్నీ గురువారం నేర్పినవే. అడగొచ్చు, తప్పులేదు. ఆ చివరిదొక్కటే."

ఆ చివరిది ఏ పుస్తకంలోదీ కాదు, ఏ గోడ మీదిదీ కాదు. అచ్చంగా వాళ్ళ అమ్మమ్మ నోటిది. అందులో వెల్కో టోపీ, వెల్కో వాళ్ళ అమ్మ, ఇందాక దించిన బస్తా, మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఊరందరికీ తిట్టొద్దని నేర్పిన మనిషి తను. నలభైమంది ముందు నిలబడి చెప్పింది, ఒక్కడి ముందు నిలబడలేకపోయింది. ఇప్పుడా మాట గాల్లో ఎక్కడో ఉంది, బయల్దేరిపోయింది, వెనక్కి పిలిచే దారి లేదు.

"ఆర్నెల్లంటే చెర్రీలు పూసేదాకా," అంది.

"తిను ముందు," అన్నాడు స్పాసె. కోప్పడలేదు. తను కూడా ఒట్టు తప్పాడు మరి. "నేను దిగకుండా ఉంటే నువ్వూ దిగేదానివి కాదు."

"నువ్వు దిగడం తప్పు కాదు మామయ్యా. నిన్ను దింపడం తప్పు."

ఎండ నెత్తి మీదికొచ్చింది. వెల్కో నీడలో కూర్చుని, ఫోను వైపు చూసుకుంటూ, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటున్నాడు. అప్పుడు ఊరివైపు నుంచి రమీజ్ మూడు చక్రాల బండి వచ్చింది. వెనకాల ఒక తుప్పు పట్టిన పొయ్యి, సైకిలు ఫ్రేము, రెండు మిరపకాయల బస్తాలు. కోతకెళ్తే రైతు కూలి కింద ఇచ్చినవి. వెల్కో గింజలు పారేసి లేచాడు.

రమీజ్ ఆపాడు. దిగలేదు. చేతులు హ్యాండిల్ మీద, కనబడేలా పెట్టుకుని కూర్చున్నాడు. దించడానికి అద్దం లేదు కాబట్టి ఆ పని తప్పింది. కాగితాలు అడిగితే జేబులోంచి తీసి ఇచ్చాడు.

"దిగవేం?" అన్నాడు వెల్కో. "ఎవరి పొలంలో కొట్టేశావు ఇవి?"

రమీజ్ నోరు తెరిచాడు. అతని మాట బయటికి రాకముందే, వెల్కోకి రెండడుగుల దూరంలో, ఎవరూ లేని చోట, రూమెనా గొంతు స్పష్టంగా పలికింది.

"ఈ మనిషిని ఎందుకు ఆపారు?"

కొట్ల దగ్గర బేరాలు ఆగిపోయాయి. రమీజ్ నోరు మూసుకుని ఆసక్తిగా చూశాడు. వెల్కో బస్తా మీది ఫోను వైపు చూశాడు, ఎర్ర చుక్క వెలుగుతోంది. సంతృప్తిగా గొంతు సవరించుకున్నాడు.

"మామూలు తనిఖీ," అన్నాడు రమీజ్‌తో, ఫోనుకి కూడా వినబడేలా.

"తనిఖీ అంటే కారణం కాదు. ఏం తప్పు చేస్తుంటే చూసి ఆపారు?"

ఎప్పుడూ అవే నాలుగు మాటలు మాట్లాడేవాడికి జవాబు ముందే అనిపెట్టొచ్చు. వెల్కోకి అది ఇంకా తట్టలేదు. అతనికి తెలిసిన దారి అదొక్కటే, దాంట్లోనే నడిచాడు.

"నువ్వు ఒక బస్తా ఇలా దించు," అన్నాడు రమీజ్‌తో.

"రసీదు ఇస్తారా? ఇవ్వకుండా తీసుకుంటే దానికి చట్టంలో వేరే పేరుంది."

త్రేనా బామ్మ గరిటె పక్కన పెట్టింది. పక్క కొట్టతను బండి చాటు నుంచి ముందుకొచ్చాడు. ఆ వరసలో ప్రతివాడూ సెప్టెంబరులో ఏదో ఒక శనివారం ఒక బస్తా దించినవాడే.

"నాకు చట్టం నేర్పుతున్నావా?" అన్నాడు వెల్కో. ఎవరితో అన్నాడో అతనికే తెలియలేదు.

"నేర్పడం లేదు, గుర్తు చేస్తున్నాను."

"నేనెవరో తెలుసా నీకు?"

"తెలీదు. అందుకే పేరూ నంబరూ అడుగుతున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెల్కో ముఖం మిరపకాయ రంగుకొచ్చింది. ఎంతమందిని ఆపినా, తనని ఎవరైనా ఆపితే ఎలా నిలబడాలో అతనికి ఏ శిక్షణలోనూ చెప్పలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అడుగుతోంది కదా సార్," అన్నాడు రమీజ్ మెల్లిగా. "నాకూ తెలుసుకోవాలనుంది. ఎందుకు ఆపారు?"

రోడ్డంతా జవాబు కోసం చూస్తోంది. వెల్కో అటూ ఇటూ చూశాడు. వెతికితే ఏదో ఒక అబద్ధం దొరికేదే, కానీ ఇంతమంది కళ్ళ ముందు వెతకడం అలవాటు లేదు.

"ఊరికే," అన్నాడు. "ఊరికే ఆపాను."

"అయితే ఇతను వెళ్ళొచ్చా?" అంది రూమెనా గొంతు.

రూమెనా రొట్టె పక్కన పెట్టేసింది. "తర్వాతదే మామయ్యా," అంది.

స్పాసె లేచాడు. పోలీసు కనుచూపు మేరలో ఉండగా పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ హారన్ కొట్టని మనిషి. కిటికీలోంచి వ్యాన్‌లోకి సగం దూరి, స్టీరింగు మీద రెండు చేతులూ, ఆ పైన ఛాతీ, మొత్తం బరువంతా వేశాడు. ఆ పాత వ్యాన్ లోయంతా దద్దరిల్లేలా అరిచింది. త్రేనా బామ్మకి ఏం అర్థమైందో, గరిటె తీసుకుని రేకు పొయ్యిని డప్పులా బాదడం మొదలుపెట్టింది. పక్క కొట్టతను తన బండి హారన్ అందుకున్నాడు, ఆ పక్కతను ట్రాక్టరు స్టార్టు చేశాడు. మలుపంతా పెళ్ళి ఊరేగింపులా అయింది. వెల్కో ఫోను మీదికి వంగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఏమీ దొరక్క నిలబడ్డాడు.

స్పాసె ఊపిరి అయిపోయేదాకా ఆపలేదు. ఊపిరికీ హారన్‌కీ సంబంధం లేదని అతనికి తోచలేదు. ఆపాక అంతా నిశ్శబ్దం. గాల్లో ఇక ఏమీ మిగల్లేదు.

"హారన్ ఎందుకు కొట్టావు?" అని అరిచాడు వెల్కో.

స్పాసె నోరు తెరిచేలోపు త్రేనా బామ్మ అందుకుంది. "ఊరికే కొట్టాడులే సార్."

ఈసారి వరసంతా నవ్వింది. వెల్కో ఫోను తీసుకుని వెనక్కి తిప్పి విన్నాడు. చట్టప్రకారం అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. వాటి మధ్య తన గొంతు వచ్చింది. ఊరికే ఆపాను. ఆ తర్వాత హారన్, గరిటె, ట్రాక్టరు. వేరే ఏమీ లేదు. ఆ ఫోనుని ఏ పై అధికారి ముందు పెట్టినా ఎవరు ఇరుక్కుంటారో అతనికి తెలుసు. వేలితో రెండుసార్లు నొక్కి అదంతా చెరిపేసి, ఫోను జేబులో వేసుకుని, కాగితాలు రమీజ్ ఒళ్ళోకి విసిరాడు.

రమీజ్ బండి స్టార్టు చేసి, ఇందాకటిదాకా ఫోను ఉన్న ఆ బస్తా వైపు చూశాడు.

"ఇది కూడా ఊరికే పెట్టారా సార్?"

వెల్కో అటు తిరిగి నిలబడ్డాడు. రమీజ్ బస్తా తన బండిలో వేసుకుని త్రేనా బామ్మ కొట్టు దాకా తెచ్చి, స్పాసె కాళ్ళ దగ్గర దించి, రూమెనాకి రెండు వేళ్ళతో సలాం కొట్టి వెళ్ళిపోయాడు.

వ్యాన్ సంతదారి పట్టింది. రూమెనా రొట్టె తినేసింది, మామయ్య వాటా కూడా తినేసింది. ఆ తర్వాత నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చెర్రీలు పూసేసరికి తను ఇంట్లోనే ఉంటుంది, పరీక్షలకి చదువుకుంటూ, బేకరీ ఆయనతో తగాదా పడుతూ.

"మామయ్యా, చెయ్యి ఇంకా హారన్ మీదే పెట్టావేం?"

"ఇంకోసారి కొట్టాలనిపిస్తోంది," అన్నాడు స్పాసె. "ఇప్పుడు చెప్పు. అంత హారన్ కొట్టించుకున్నావు, ఏమన్నావు అతన్ని?"

రూమెనా చెప్పింది. కోపం లేకుండా, నింపాదిగా, అమ్మమ్మ అన్నట్టే మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. అందుకని ప్రతి ముక్కా అక్కడికక్కడే వినబడింది.

స్పాసె పక్క అద్దంలోంచి వెనక రోడ్డు చూసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటిగా, గట్టిగా తిప్పుతూ, వ్యాన్ కిటికీలన్నీ మూసేశాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.